యాదలక్ష్మి నంబరు

యాదలక్ష్మి ఫోను ఇచ్చి నేను రెండు ప్లాస్టిక్ టబ్బులు తీసుకున్నాను. ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

వనస్థలిపురంలో మా వీధికి మోటారు సైకిలు మీద వారానికోసారి ఒకతను వస్తాడు. వెనక సీటు మీద ఒకదాంట్లో ఒకటి దూర్చిన టబ్బుల గుట్ట, ముందు హ్యాండిలుకు చిన్న మైకు. పాత ఫోన్లు, పగిలిన ఫోన్లు, నీళ్ళలో పడ్డ ఫోన్లు తీసుకుంటామని ఆ మైకు చెబుతూ ఉంటుంది. ఉగాది వెళ్ళిన వారం నేనతన్ని ఆపాను.

నా భార్య యాదలక్ష్మి పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆ రెండేళ్ళూ ప్రతి ఆదివారం ఆమె ఫోనుకు చార్జింగు పెట్టేవాణ్ణి. గడువు అయిపోగానే రీచార్జ్ చేయించేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఓదారుస్తారని భయం. శివరాత్రికి రీచార్జ్ మానేశాను. ఉగాదికి, ఇక చాలు అంతయ్యా అని నాకు నేనే చెప్పుకున్నాను.

"సిమ్ము తీస్కుంటరా సార్?" అని అడిగాడు టబ్బులతను.

"అది పని చెయ్యదులే," అన్నాను.

మర్నాడు పొద్దున సంతోషి వచ్చి టబ్బుల్ని తిప్పి తిప్పి చూసింది. వేలితో కొట్టి చూసింది. "మంచిగున్నయి సారు. ఎంతకు తీసుకున్నరు?"

"ఊరికే వచ్చాయి," అన్నాను. ఆమె నమ్మలేదు. కానీ ఎరుపు దాంట్లో ఆ రోజే బట్టలు నానబెట్టింది.

సంతోషి ఆరేళ్ళుగా మా ఇంట్లో పొద్దున పూట వంటా, ఇల్లూ చూసేది. ఊరు నల్గొండకు అవతల. భర్త శేఖర్‌ది సెంట్రింగ్ పని. ఇద్దరూ మన్సూరాబాద్‌లో ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్ళు. ఎనిమిదేళ్ళ కూతురు మాత్రం ఊళ్ళో అత్త పెంటమ్మ దగ్గర. సొంత ఇల్లు, రేషన్ కార్డు, బడి, అన్నీ అక్కడే. రోజూ ఏడుంబావుకు సంతోషి తన ఫోన్‌ను మా వంటింట్లో ఉప్పు డబ్బాకు ఆనించి వీడియో కాల్ చేసేది. ఇక్కడ బెండకాయలు తరుగుతూ అక్కడ కూతురికి జడ వేయించేది.

"పాపిడి వంకరొచ్చింది అత్తా. ఇంకొంచెం ఎడమకు. నీ ఎడమకు కాదు, దాని ఎడమకు."

పెంటమ్మ విసుక్కునేది. "నువ్వచ్చి ఏస్కో మరి."

అప్పుడు సంతోషి నవ్వేసి ఫోను పెట్టేసేది. తర్వాత కాసేపు కత్తి చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక రోజు ఆమె వంట మొదలుపెట్టకుండా హాల్లోకి వచ్చి నిలబడింది. పక్క ఫ్లాటు గంగాధరరావు అప్పటికే నా పేపరు చదువుతున్నాడు. ఆయనది గుంటూరు వైపు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా యాస అంగుళం కూడా కదల్లేదు.

"సారు, మా ఊరికి పైసలొస్తున్నయి," అంది సంతోషి.

ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చలికాలంలో ఊరంతా తిరిగి ఇల్లిల్లూ రాసుకున్నారట. ప్రతి ఇంటి ఆడమనిషి ఖాతాలో అరవై వేలు వేస్తారట. పనికోసం పట్నం వచ్చిన వాళ్ళకు కూడా, ఇల్లు ఊళ్ళో ఉంటే చాలట. తిరిగి కట్టేది లేదు. ఇది కొనాలి, అది కొనకూడదు అన్న షరతు కూడా లేదు.

గంగాధరరావు పేపరు దించాడు. "ఊరికే ఇచ్చేస్తారా? ఏవండీ అంతయ్యగారూ, ఇది ఎక్కడైనా ఉందా? ఒక కుట్టుమిషనో, గేదో ఇస్తే అర్థం ఉంది. చేతికి డబ్బిస్తే తిన్నగా వైన్ షాపుకేగా వెళ్ళేది!"

"శేఖర్‌కు తాగనీకె నెల నెలా నేనే ఇస్తున్న సారు. దానికి వేరే స్కీము ఎందుకు?" అంది సంతోషి.

"అది కాదమ్మా. ఒక్కసారిగా అంత డబ్బు చూస్తే మనిషికి..."

"మరి మీరు రిటైరైనప్పుడు ఒక్కసారే వచ్చింది గద సారు. మీరేం జేసిన్రు?"

గంగాధరరావు మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు. ఆయన రిటైర్మెంటు డబ్బు ఒక వెంచర్లో ప్లాటు రూపంలో ఏడేళ్ళుగా కోర్టులో ఉందని మా అపార్టుమెంటంతటికీ తెలుసు. నేను కూడా కిటికీలోంచి బయటికి చూశాను. నవ్వు కనపడకుండా.

"ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగాను.

"గిర్నీ కొంట."

గిర్నీ అంటే పిండిమర. ఆమె చెప్పింది మాత్రం కారం దంచే గిర్నీ గురించి. హయత్‌నగర్‌లో మట్టయ్య అనే ముసలాయనకు అలాంటిది ఉంది. మోటారు తిరిగితే నాలుగు ఇనుప రోకళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేచి కింద గుంటలో పడతాయి. మర ఆడించిన కారం వేడెక్కి రంగు తగ్గుతుందని, దంచిన కారమే పచ్చడికి బాగుంటుందని యాదలక్ష్మి పట్టు. అందుకని ఏటా ఎండాకాలం సంతోషి మా మిరపకాయలు అక్కడికే తీసుకుపోయేది. మట్టయ్యకు చెయ్యి వణుకుడు మొదలయ్యాక, రెండేళ్ళుగా ఆదివారాలు ఆమే వెళ్ళి గిర్నీ నడుపుతోందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆయన షట్టర్ ఖాళీ చేస్తుండు సారు. మే నెల పదో తారీకు దాకా నాకోసం ఆగుతా అన్నడు. మా ఊర్లె కారం గిర్నీ లేదు. చుట్టు నాలుగూర్లల్ల లేదు. మిరపకాయలు పట్టుకొని నల్గొండ పోవాలె, పొద్దంతా అక్కడ్నే. గిర్నీ పెట్టుకుంటే నేను ఊర్లనే ఉంట. పాప నా తాననే ఉంటది."

నలభై ఏళ్ళు కాలేజీ లైబ్రరీలో పనిచేసినవాణ్ణి. అడగకపోయినా ఏ పుస్తకం చదవాలో చెప్పే అలవాటు నాది. "సగం బ్యాంకులో వేసుకుని, సగంతో..." అని మొదలుపెట్టాను.

"సగం గిర్నీ ఎవరన్న ఇస్తరా సారు?" అని, పోపు పెట్టడానికి వెళ్ళిపోయింది.

*

పది రోజులు గడిచాయి. ఊళ్ళో ఒక్కొక్కరికీ డబ్బు పడుతోందని పెంటమ్మ ఫోన్లో చెబుతూనే ఉంది. ఎదురింటి వాళ్ళు బోరు మోటారు బాగు చేయించారు. చివరింటామె కొడుకు పాలిటెక్నిక్ ఫీజు కట్టింది. ఒక ముసలామె కంటి ఆపరేషన్ చేయించుకుని, ఇన్నాళ్ళూ తన కోడలు ఇంత నల్లగా ఉందని తెలీదందట. ఇది చెప్పి సంతోషి పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"సారు, అమ్మ ఫోనుకు ఏమన్న ఫోనొచ్చిందా?"

"ఏ అమ్మ?"

"మన అమ్మ. బ్యాంకు ఖాతా తీసినప్పుడు నాకు ఫోను లేకుండె గద. అమ్మనే తన నంబరు రాయించింది. ఆ సంస్థోళ్ళు ఖాతాకు ఏ నంబరుంటే దానికే ఫోన్ చేస్తరంట. చేసి మాట్లాడినంకనే పైసలేస్తరంట. నాదొక్కదే కాదు, మన గేటుకాడ పూలమ్మే వెంకాయమ్మ పింఛన్ ఖాతాకు గూడ అమ్మ నంబరే."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియక మళ్ళీ కూర్చున్నాను.

ఆమె అడిగింది చాలా మామూలుగా. ఫోను నా బీరువాలోనే ఉందనీ, ఆదివారం ఆదివారం చార్జింగు పెడతాననీ ఆమెకు తెలుసు. నేనెవరికీ తెలియదనుకున్నది, ఇల్లు ఊడ్చే మనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"చూస్తాను," అన్నాను. టబ్బుల సంగతి చెప్పలేదు.

*

సంస్థ ఆఫీసు ఎల్బీనగర్‌లో, చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తు. ఆ మర్నాడు మంగళవారం ఇద్దరం వెళ్ళాం. అక్కడ జోస్నా అనే అమ్మాయి ఉంది. పాతికేళ్ళుంటాయి. మెడలో చిన్న సిలువ, చెవిలో హెడ్‌సెట్. మాకు ముందు నీళ్ళిచ్చి, తర్వాత కంప్యూటర్లో చూసింది.

"సంతోషి అక్కా, మీ నంబరుకు రెండుసార్లు చేసినం. రెండుసార్లు స్విచ్చాఫ్. మూడోది ఈ శుక్రవారం, పదింటికీ పన్నెండుకూ మధ్య ఉంది. అది కూడా కలవకపోతే మీ ఇల్లు తర్వాతి లిస్టులకు పోతది."

"తర్వాతి లిస్టంటే?"

"దసరా అయినంక."

"ఇదిగో నా నంబరు రాసుకో చెల్లె. ఇప్పుడే చెయ్యి, ఇక్కడ్నే ఎత్తుత."

జోస్నా తల అడ్డంగా ఊపింది. వేరే జిల్లాలో ఒకచోట ఎవరో మధ్యలో నంబర్లు మార్పించి ఆడవాళ్ళ డబ్బు మళ్ళించబోయారట. అప్పటి నుంచి మధ్యలో నంబరు మారిస్తే మళ్ళీ మొదటి నుంచి సర్వే చెయ్యాలన్న నియమం పెట్టారట. "మీమీద అనుమానం కాదక్కా. మీలాంటోళ్ళ పైసలు కాపాడనీకె పెట్టిన రూలే ఇది. ఇంతకీ గీ నంబరు ఎవరిది?"

"సారు వాళ్ళ మేడంది."

"మరి మేడం ఫోనెందుకు బంద్ పెట్టిన్రు?"

సంతోషి నావైపు చూసింది. ఫోనులో ఏదో చిన్న రిపేరు ఉందని నేను చెబుతానని ఆమె అనుకుంటోంది. గోడ మీద ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది.

"ఆమె లేరమ్మా. రెండేళ్ళయింది," అన్నాను. "ఫోను నా దగ్గరే ఉండేది. నెల కింద ఇచ్చేశాను. టబ్బులకు."

జోస్నా హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. ఒక కాగితం మీద 'శుక్రవారం, 10 - 12' అని రాసి నా చేతికిచ్చింది.

మెట్లు దిగేటప్పుడు సంతోషి నాకంటే ముందు దిగింది. బస్టాపులో కూడా నాలుగడుగుల దూరంలో నిలబడింది. మెట్రో స్టేషను నీడ సగం రోడ్డు దాకా పరుచుకుని ఉంది. నేను ఆ నీడలో నిలబడ్డాను, ఆమె ఎండలో నిలబడింది. రెండు బస్సులు వచ్చాయి, పోయాయి.

చివరికి ఆమే దగ్గరకు వచ్చింది. "గందుకేనా, ఎంతకు తీసుకున్నరంటే ఊరికే అన్నరు?"

"తప్పయింది సంతోషీ. నీ ఖాతా సంగతి నాకు..."

"అది గాదు సారు." ఆమె చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది. "ఇచ్చేముందు నాకు ఒక్కమాట చెప్పకపోతిరి. నేను గూడ ఒకపారి చూస్తుంటి గద."

నేను ఆ రెండేళ్ళూ యాదలక్ష్మిని ఒక్కణ్ణే పోగొట్టుకున్నాననుకున్నాను. అంతలో మూడో బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కి, కిటికీ పక్క సీటు చూసి, నన్ను కూర్చోమంది.

*

బుధవారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోను కంపెనీ సెంటరుకు వెళ్ళాను. పుస్తకాల దుకాణాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటి సందు మొదట్లో ఉంది. టోకెన్ నంబరు ముప్పై ఎనిమిది. కౌంటర్లో నడివయసు మనిషి, షర్టు మీద చక్రపాణి అని పేరు.

"నంబరు ఇంకా మొత్తం పోలేదు సార్, ఛాన్సుంది. కస్టమర్ ఒచ్చి వేలు పెడితే డూప్లికేట్ సిమ్ అరగంటల ఇస్త. మేడంను తీస్కురండి."

నేను సంచీలోంచి కవరు తీసి మరణ ధ్రువపత్రం ఆయన ముందు పెట్టాను. ఆ కాగితాన్ని రెండేళ్ళుగా ఎన్నో చోట్లకు మోశాను. బ్యాంకులో ఆమె ఖాతా మూశారు. రేషన్ కార్డులో పేరు కొట్టేశారు. బీమా ఆఫీసులో ఫైలు మూశారు. దాన్ని బయటికి తీసిన ప్రతిచోటా ఆమెది ఏదో ఒకటి తగ్గింది. మొదటిసారి ఆమెది ఒకటి తెరవమని అడగడానికి దాన్ని తీశాను.

చక్రపాణి కాగితం చదివి, నా మొహం చూశాడు. "కూర్చోండి సార్," అన్నాడు. అప్పటిదాకా నేను నిలబడే ఉన్నాను.

వారసుల పేరు మీదికి నంబరు మార్చుకునే పద్ధతి ఉందట. నా ఆధార్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మా అమ్మాయి నుంచి అభ్యంతరం లేదన్న లేఖ కావాలి. మా అమ్మాయి వరంగల్‌లో ఉంటుంది. ఫోన్ చేసి విషయం చెప్పాను. టబ్బుల సంగతి కూడా చెప్పాను. "అమ్మ నంబరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు నాన్నా," అంది. గంటలో లేఖ రాసి, సంతకం చేసి, ఫొటో పంపింది.

"మామూలుగా రెండు రోజులు పడతది," అన్నాడు చక్రపాణి. "శుక్రవారం పదింటికంటే... నేను పైకి ఒక మాట చెప్త. గ్యారెంటీ మాత్రం ఇయ్యలేను సార్."

సిమ్ తెచ్చి నా ఫోన్లోనే రెండో అరలో వేసుకున్నాను. గురువారం పొద్దున సిగ్నల్ లేదు. మధ్యాహ్నం లేదు. సాయంత్రం గంగాధరరావు వచ్చి, "ఏవండీ, వచ్చిందా?" అని అడిగాడు. ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. రాలేదంటే, "వస్తుందిలెండి," అని కాసేపు ఊరికే కూర్చున్నాడు.

శుక్రవారం తొమ్మిదయింది. తొమ్మిదిన్నర. సంతోషి వంటింట్లో మామిడికాయలు కొడుతోంది. కత్తిపీట మీద దెబ్బ పడ్డప్పుడల్లా నేను ఫోను చూస్తున్నాను. గంగాధరరావు ఎదురు కుర్చీలో పేపరు చదువుతున్నాడు. అరగంటగా అదే పేజీ.

తొమ్మిదీ నలభై ఏడుకు తెర మీద చిన్న గీతలు లేచాయి.

"సంతోషీ! ఒకసారి చేసి చూడు!"

ఆమె చేతులు కడగకుండానే తన ఫోను తీసి నొక్కింది. నా చేతిలో ఫోను మోగింది. నేను ఎత్తబోతే, "ఎత్తకుండ్రి," అంది. ఆమె ఫోను తెర మీద 'అమ్మ' అని ఉంది. కింద 'రింగవుతోంది' అని ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. అది మోగి మోగి దానంతటదే ఆగిపోయింది.

గంగాధరరావు గొంతు సవరించుకున్నాడు. "లైను ఖాళీగా పెట్టండమ్మా, వాళ్ళు చేస్తారు."

పదకొండూ పదికి చేశారు. మొదటి రింగు పూర్తి కాకముందే సంతోషి ఎత్తింది. కంగారులో స్పీకర్ నొక్కింది. జోస్నాదే గొంతు, కానీ ఆఫీసు గొంతు. మంగళవారం మమ్మల్ని చూసినట్టే లేదు.

"నమస్తే, సంతోషి గారేనా మాట్లాడేది?"

"అవును, నేనే."

ఊరి పేరు, అత్త పేరు, ఖాతా ఏ బ్యాంకులో ఉంది, డబ్బు ఇప్పిస్తానని ఎవరైనా కమీషన్ అడిగారా. అన్నిటికీ సంతోషి నిలబడే జవాబు చెప్పింది. పరీక్షలో మాష్టారు ముందు నిలబడ్డట్టు.

"ఈ పైసలతోటి ఏం చేద్దామనుకుంటున్నరు? ఏదైనా మీ ఇష్టమే, మేము రాసుకునుడే. మంచిదని గానీ కాదని గానీ మేము చెప్పం."

"కారం గిర్నీ కొంట."

"సరే. దాంతోటి మీకు ఏం కావాలనుకుంటున్నరు? ఇది చివరి ప్రశ్న."

సంతోషి ఫోను వైపు చూసింది. తడిచెయ్యి నైటీకి తుడుచుకుంది. "మా పాపకు జడ నేనే ఏస్త," అంది.

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. "రాసుకున్న అక్కా," అంది జోస్నా. అది ఆఫీసు గొంతు కాదు.

ఫోను పెట్టేశాక గంగాధరరావు లేచాడు. "ఆ మట్టయ్య మోటారు ఎన్ని హార్స్‌పవరో కనుక్కున్నావా? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? నేను ఎలక్ట్రిసిటీ బోర్డులో చేశానమ్మా. కొనేటప్పుడు నన్ను తీసుకెళ్ళు, మోసపోతావ్."

"వైన్ షాపు తొవ్వల ఉంటది సారు, పర్వాలేదా?" అంది సంతోషి.

*

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే యాదలక్ష్మి నంబరుకు మెసేజ్ వచ్చింది. అరవై వేలు జమ. నేను పైకి చదివాను. సంతోషి ఇంకోసారి చదవమంది. రెండోసారి చదివేటప్పుడు ఉప్పు డబ్బాకు ఆనించిన ఫోన్లోంచి పెంటమ్మ కూడా వింది. అదే వారం ఇంకో మెసేజ్ వచ్చింది. వెంకాయమ్మ పింఛను. నేను గేటు దాకా నడిచి వెళ్ళి చెప్పాను. "యాదమ్మ ఉన్నప్పుడు గిట్లనే వచ్చి చెప్తుండె. మీకిప్పుడు యాదికొచ్చిందా?" అని ఒక మూర మల్లెపూలు తెంపి ఇచ్చింది. ఇప్పటికీ ప్రతి నెలా వెళ్ళి చెబుతున్నాను. మల్లెలు యాదలక్ష్మి ఫొటోకు పెడతాను.

మే ఎనిమిదిన ముగ్గురం హయత్‌నగర్ వెళ్ళాం. మట్టయ్య గిర్నీ బస్ డిపో వెనక సందులో ఉంది. గోడలు, కప్పు, బల్బు, ఆఖరికి మట్టయ్య కనుబొమలు కూడా కారం రంగులో ఉన్నాయి. గంగాధరరావు లోపల అడుగుపెట్టిన నిమిషానికే తుమ్ములు మొదలై, బయట అరుగు మీద కూలబడ్డాడు. మోటారు పరీక్ష అక్కడితో సరి.

"ఇంకో గిరాకీ వచ్చిండు బిడ్డా," అన్నాడు మట్టయ్య. "చౌటుప్పల్ ఆయన. నీకంటే మూడువేలు ఎక్కువిస్త అంటుండు. గిర్నీ మొగోని పని, ఆడపోరికి ఎందుకిస్తవ్ అని గూడ అన్నడు."

"మీరేమన్నరు తాతా?"

"నాది మొగోని చెయ్యే, ఏం లాభం, వణుకుతుంది అన్న."

సంతోషి నవ్వలేదు. వెళ్ళి స్విచ్చి వేసింది. రోకళ్ళు లేచి పడటం మొదలైంది. నాకు అంతా ఒకటే చప్పుడు. ఆమె తల పక్కకు వంచి కాసేపు విని, ఆపేసింది.

"మూడో రోకలి పూర్తిగ లేస్తలేదు. లోపల చెక్క అరిగింది. గీ సంగతి చౌటుప్పలాయనకు చెప్పిన్రా?"

మట్టయ్య నావైపు తిరిగాడు. "చూసిన్రా సారు? రెండేండ్లు నేర్పిన పాపానికి నాకే దొంగతనం అంటగడ్తుంది." కానీ ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. చౌటుప్పలాయన మాట మళ్ళీ ఎత్తలేదు. నలభై ఐదు వేలకే ఇచ్చాడు. మూడో రోకలికి కొత్త చెక్క తనే చేయించి ఇస్తానన్నాడు. మిగిలినవి షెడ్డు రేకులకు, కరెంటు మీటరుకు, సామాను తీసుకుపోయే ట్రాలీకి సరిపోతాయి.

ట్రాలీలో గిర్నీని తాళ్ళతో కట్టేటప్పుడు మట్టయ్య దగ్గరుండి ప్రతి ముడీ లాగి చూశాడు. ట్రాలీ మాట్లాడుకొచ్చిన శేఖర్ పైన కూర్చున్నాడు. సంతోషి ముందు సీటు ఎక్కబోతూ నా దగ్గరకు వచ్చింది.

"పప్పుకు మూడు విజిల్లు సారు. నాలుగు రానియ్యకుండ్రి. పొద్దున పూట రానీకె మా పక్కరూము ఈరమ్మకు చెప్పిన, సోమవారం నుంచి వస్తది. ఆమెకు ఉప్పు చెయ్యి ఎక్కువ. చెప్పుండ్రి, ఏమనుకోదు."

"సరే."

"నేను లేనని పచ్చడన్నం తినుకుంట కూర్చుంటరు మీరు."

"తినను."

"తింటరు," అంది. ఇంకేదో చెప్పబోయి, వంగి నా కాళ్ళకు దండం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను. గంగాధరరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "రోడ్డు మీదా ఏమిటమ్మా, ఎక్కు ఎక్కు, ఎండ ముదురుతోంది," అని కసిరాడు. తుమ్ములు తగ్గి గంటయినా ఆయన రుమాలు మాత్రం దించలేదు.

*

రోహిణి కార్తెలో, మే ఆఖరి వారం, మలక్‌పేట గంజ్‌లో మూడు కిలోల మిరపకాయలు కొన్నాను. రెండు రోజులు మా మేడ మీద ఎండబెట్టి, తొడిమలు నేనే తీశాను. చేతులు మండితే కొబ్బరినూనె రాసుకున్నాను. పొద్దున ఏడింటికి ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సెక్కాను. నల్గొండలో ఆటో మారాను. ఊళ్ళో దిగి ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. రోకళ్ళ చప్పుడు వినిపిస్తున్న వైపు నడిచాను.

కొత్త రేకుల షెడ్డు. దాని ముందు వేపచెట్టు నీడలో ఆడవాళ్ళు పది మంది దాకా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు వరసలో నిలబడలేదు. వాళ్ళకు బదులు సంచులు వరసలో ఉన్నాయి. లోపల సంతోషి ముక్కుకూ నోటికీ తువాలు కట్టుకుని, కళ్ళు మాత్రం కనిపిస్తూ, గుంటలోంచి కారం తోడుతోంది. కౌంటరు బల్ల మీద ఆమె కూతురు కూర్చుని చిల్లర ఇస్తోంది. రెండు జడలు, పాపిడి గీసినట్టు తిన్నగా ఉంది.

సంతోషి తలెత్తి నన్ను చూసింది. చెయ్యి ఆగలేదు.

"సంచి లైన్ల పెట్టుండ్రి సారు!" అని రోకళ్ళ చప్పుడు మీదుగా అరిచింది.

పెట్టాను. నా సంచి వెనక ఒక ముసలామె తన సంచి పెట్టి నన్ను కిందికీ పైకీ చూసింది. "ఏ ఊరు?"

"హైదరాబాదు."

"గంత దూరం కెల్లి కారం దంచుకోనీకొచ్చినవా? పట్నంల గిర్నీలు లేవా?"

"ఉన్నాయమ్మా. ఇక్కడ బాగా దంచుతారని విన్నాను."

ముసలామె దానికి సంతృప్తిపడ్డట్టు తలూపి, నాకు కూర్చోవడానికి చెట్టు మొదట్లో జాగా ఇచ్చింది. పెంటమ్మ ఎదురుగా మంచం మీద కూర్చుని సంచుల వరస తప్పకుండా కాపలా కాస్తోంది. నేను వచ్చానని ఆమెకు తెలిసినా, నా సంచిని ఒక్క అంగుళం ముందుకు జరపలేదు.

గంటన్నరకు నా వంతు వచ్చింది. సంతోషి నా మిరపకాయలు పిడికిట్లోకి తీసుకుని నలిపి చూసింది. "మంచిగ ఎండినయి. మీరే ఎండబెట్టిన్రా?" అని అడిగింది. అవునన్నాను. "తొడిమలు గూడ తీసిన్రు," అంది, తువాలు పైన కళ్ళు నవ్వుతో చిన్నవయ్యాయి. తర్వాత తూకం వేసి, ధర చెప్పింది. ఊళ్ళో వాళ్ళకు ఎంతో నాకూ అంతే. నేను నోటు ఇచ్చాను. కూతురు చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పోసింది. ఎర్రటి పొడి వెచ్చగా డబ్బాలోకి దిగింది.

నా వెనక ముసలామె తన సంచి బల్ల మీదికి ఎత్తుతూ మొదలుపెట్టింది. "నాది అరకిలోనే బిడ్డా. జర తగ్గియ్యవే."

"సారుకే తగ్గియ్యలే," అంది సంతోషి రోకళ్ళ గుంట తుడుస్తూ. "నీకెట్ల తగ్గిస్త పెద్దమ్మా?"

చెట్టు కింద ఆడవాళ్ళంతా ఈ సారు ఎవరో చూద్దామని ఒక్కసారిగా నావైపు తిరిగారు. నేను కొంచెం నిటారుగా నిలబడ్డాను. ఏదైనా చెబుదామని నోరు తెరిచేసరికి తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, ఆరు.